గుండె ఎడమ గదిలో తడిక

ఈ మధ్య ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదువుతున్న పిల్లలు నలుగురు మా ఇంటికి వచ్చి, "అమ్మా, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి" అన్నారు. పాముకాటు గురించో, వరదలో పడవ మీద తెచ్చిన రక్తం సీసా గురించో చెబుతాననుకున్నట్టున్నారు. నేను ఒక అంకె గురించి చెప్పడం మొదలుపెట్టాను. సగంలో ఇద్దరు ఫోన్లు చూసుకున్నారు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. రాసిన దాన్ని మధ్యలో వదిలేసి ఫోన్ చూసినా అది అలిగి లేచిపోదు.

నాది తిరుమలాయపాలెం పక్కన ఒక ఊరు. ఏన్కూరులో ఉద్యోగంలో చేరాను. చివరి ఏళ్లన్నీ గోదావరి ఒడ్డున, అడవి మొదలయ్యే చోట, ఒక సర్కారు దవాఖానా ల్యాబ్‌లో గడిచాయి. ఎవరి పేర్లూ రాయను. అందరూ బతికే ఉన్నారు, అందరి దగ్గరా నా ఫోన్ నంబరు ఉంది.

నేను కొలతల మనిషిని. నెత్తురు పలుచన చేసే మాత్ర వాడేవాళ్ల పరీక్షకు నీలం మూత గొట్టం వాడతాం. గడ్డ కట్టకుండా ఆపే ద్రవం అందులో ముందే ఒక వంతు ఉంటుంది. దానికి తొమ్మిది వంతుల నెత్తురు పడాలి. ఎక్కడి దాకా పడాలో గొట్టం మీద గీత ఉంటుంది. గీతకు తక్కువ వచ్చిన గొట్టాన్ని నేను పరీక్షకు పెట్టేదాన్ని కాదు, వార్డుకు తిప్పి పంపేదాన్ని. సిస్టర్లు నా వెనకాల ఏమనుకునేవారో నాకు తెలుసు. ఎదుట మాత్రం "మేడం" అనేవారు. నాకు అది చాలు.

ఆ పరీక్షలో తేలే అంకెను ఐఎన్ఆర్ అంటారు. మామూలు మనిషికి అది ఒకటి దగ్గర ఉంటుంది. ఈ మాత్ర వేసుకునేవాళ్లలో చాలామందికి రెండుకూ మూడుకూ మధ్య ఉండాలి. రెండు దిగితే నెత్తురు గడ్డ కట్టవచ్చు. మూడు దాటి పైకి పోయేకొద్దీ ఎక్కడో ఒకచోట నెత్తురు కారడం మొదలై ఆగదు. మీరు తెలుసుకోవలసిన సాంకేతిక విషయం ఇంతే. మిగతాదంతా మనుషుల సంగతి.

ఆ ఏడు వేసవి చివర, బూర్గంపాడు అవతల అడవిలోని ఒక ఊరి నుంచి ఒక కోయ ఆమె దవాఖానాకు వచ్చింది. ముప్పై దాటి రెండు మూడేళ్లుంటాయి. తునికాకు కోతకు వెళ్లి, గుట్టలాంటి చిన్న గట్టు ఎక్కలేక మధ్యలో కూర్చుండిపోయిందట. ఆకు కట్ట కూడా పక్కవాళ్లు మోసుకొచ్చారట. భర్తది మణుగూరు వైపు బొగ్గు గనిలో కాంట్రాక్టు పని, వారానికి ఒకసారి ఇంటికి వస్తాడు. అందుకని దవాఖానా తిరుగుడంతా అత్తే తిప్పేది. అత్త పొట్టి మనిషి. గొంతు మాత్రం ఓపీ హాలు ఈ చివర మాట్లాడితే ఆ చివర టోకెన్లు ఇచ్చే అబ్బాయి తల ఎత్తేంత.

మా డాక్టరమ్మ ఖమ్మం పిల్ల. కొత్తగా పోస్టింగ్ వచ్చింది. నాడి పట్టుకుని చూసి, చాలాసేపు చెయ్యి వదలలేదు. నాడి ఒక వరస లేకుండా కొట్టుకుంటోంది. దీన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. గుండె పై గదులు సరిగ్గా ముడుచుకోవడం మానేసి వణుకుతూ ఉంటాయి. వణికే గదిలో నెత్తురు నిలవ పడుతుంది, నిలవ పడ్డది గడ్డ కడుతుంది. ఆ గడ్డలోంచి ఒక ముక్క ఊడి మెదడుకు పోతే, మాట్లాడుతున్న మనిషి మాట్లాడుతున్నట్టే ఒక పక్కకు పడిపోతుంది. అలా పడిపోయినవాళ్లను మా వార్డులో చాలామందిని చూశాం.

మా వైపు ఈ వయసులో ఈ జబ్బు వచ్చిందంటే, చిన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చి గుండె కవాటం ముడుచుకుపోయి ఉంటుందని అందరం అనుకుంటాం. తొంభై పాళ్లు అదే అవుతుంది కూడా. ఈమెనూ అలాగే అనుకుని ఖమ్మంలో గుండె స్కానింగుకు పంపారు. రిపోర్టు వచ్చిన రోజు డాక్టరమ్మ ఆ కాగితం పట్టుకుని నా ల్యాబ్‌లోకి పరుగున వచ్చింది.

"మేడం, వాల్వు సుబ్బరంగా ఉంది! వేరే ఏదో ఉంది!"

ఆ "వేరే ఏదో" పేరు కార్ ట్రైయాట్రియాటమ్. పరీక్ష కోసం చదవడమే తప్ప డాక్టరమ్మ ఎప్పుడూ చూడలేదు. నాకైతే పేరు పలకడానికే రెండు రోజులు పట్టింది. అత్తకూ కోడలికీ ఆమె బొమ్మ గీసి చెప్పింది. అప్పుడు నేనూ అక్కడే ఉన్నాను.

"గుండెకు నాలుగు గదులుంటయ్. ఎడమ పక్క పై గది ఇది. మీ ఇంట్లో ఒక గదికి అడ్డంగ తడిక కట్టిన్రనుకో, గట్ల నీ కోడలికి ఈ గదిల పల్చని పొర ఒకటి అడ్డం ఉన్నది. దానికి నడుమ చిన్న బొక్క. నెత్తురంత ఆ బొక్కల కెళ్లే రావాలె. అందుకే ఆయాసం."

"ఎవలు కట్టిన్రు తడిక?" అంది అత్త.

"ఎవరూ కట్టలే. పుట్టుకతోనే ఉన్నది."

అత్త కోడలి వైపు తిరిగింది. "చూసినవా, మీ అమ్మ లగ్గమప్పుడు ఈ ముచ్చట చెప్పలే."

కోడలు నవ్వబోయి ఆయాసంతో ఆగిపోయింది. ఆ ఆగిపోవడం చూసి అత్త కూడా మళ్లీ హాస్యమాడలేదు.

అసలు చిక్కు ఆ తడిక వెనక ఉంది. అక్కడ నిలవ పడ్డ నెత్తురు అప్పటికే ఒక గడ్డ కట్టింది. హైదరాబాదు సర్జన్లు రిపోర్టులన్నీ చూసి కబురు చెప్పారు. తడిక కోసి తీసేస్తే ఈమె అందరిలాగే బతుకుతుంది, కానీ గడ్డ ఉండగా గుండె మీద చెయ్యి వెయ్యరు, కదిలిస్తే అది మెదడుకు పోవచ్చు. ముందు మాత్రతో గడ్డను కరిగించాలి. ఐఎన్ఆర్ నాలుగు వారాలు వరసగా రెండుకూ మూడుకూ మధ్య నిలబడితే తీసుకురండి, మళ్లీ స్కాన్ చేసి ఆపరేషన్ తేదీ ఇస్తాం. ఒక్క వారం తప్పినా లెక్క మళ్లీ మొదటికి వస్తుంది.

అలా ఆమె బతుకు నా ల్యాబ్ కిటికీకి వచ్చి చేరింది. ప్రతి మంగళవారం అత్తా కోడళ్లు గోదావరి బ్రిడ్జి దాటి ఆటోలో వచ్చేవారు. నేను గొట్టంలో నెత్తురు గీత దాకా తీసి, అంకె తేల్చి, డాక్టరమ్మకు ఇచ్చేదాన్ని. ఆమె మాత్ర ఎంతో రాసేది. మా ఫార్మసిస్టు భాయ్ దాన్ని లెక్కగా విరిచి పొట్లం కట్టి ఇచ్చేవాడు. మాత్రను సగం చేయడంలో ఆయనంత నేర్పరిని నేను చూడలేదు. కత్తి పెట్టేవాడు కాదు, రెండు బొటనవేళ్లతో నొక్కితే సరిగ్గా గాటు మీదే విరిగేది. "మా అబ్బ దర్జీ అక్కా, కొలత చేతికే తెలుస్తది" అనేవాడు.

మాత్ర మొదలుపెట్టిన రోజు హెడ్ సిస్టర్ ఆమెను అన్ని ప్రశ్నలూ అడిగింది. ఆకుకూరల్లో ఈ మాత్రకు విరుగుడు లాంటిది ఉంటుంది. అందుకని ఆ ప్రశ్న తప్పకుండా అడుగుతారు.

"ఆకుకూరలు తింటున్నవా?"

"లేదమ్మా. మాకు కొత్తలు కాలే గద."

సిస్టర్ "లేదు" వరకు రాసుకుని తరవాతి ప్రశ్నకు వెళ్లిపోయింది. పక్కనే ఉన్న నేనూ విన్నాను, డాక్టరమ్మా విన్నది. ఆమె తన ఇంటి సంగతి ఏదో చెబుతోందనుకున్నాం.

రెండు వారాలు మాత్ర సర్దుబాటుకు పోయాయి. ఆ పైన అంకె 2.3 వచ్చింది, తరవాతి మంగళవారం 2.5. డాక్టరమ్మ నాకు మిఠాయి తెచ్చింది. నాలుగు వారాలు అయ్యేదాకా తిననని పక్కన పెట్టాను. మూడో మంగళవారం 1.3 వచ్చింది.

అంకె తప్పు అనిపించినప్పుడు మొదట అనుమానించవలసింది మన చేతిని. పిల్లలూ, ఇది మాత్రం గట్టిగా పట్టుకోండి. నేను కంట్రోల్, అంటే అంకె ముందే తెలిసిన నమూనా, పెట్టి మెషీన్ చూసుకున్నాను, సరిగ్గా ఉంది. మళ్లీ నెత్తురు తీశాను. మళ్లీ 1.3. నా చెయ్యీ మెషీనూ రెండూ బాగానే ఉన్నాయంటే, పడిపోయింది నిజంగా ఆమె నెత్తురులోనే.

హెడ్ సిస్టర్ మంచి మనిషి. కానీ కేక ముందు వస్తుంది, విచారణ తరవాత వస్తుంది.

"మాత్రలు మింగుతలేవు నువ్వు. నిజం చెప్పు!"

"మింగుతున్ననమ్మా. రోజూ మింగుతున్న."

"మింగితే గిట్లెందుకయితది? మాత్ర ఏమన్న నీతోని అలిగిందా?"

భాయ్ పొట్లాలు తెమ్మని అడిగి మిగిలిన మాత్రల లెక్క చూశాడు. ఒక్క మాత్ర కూడా ఎక్కువ మిగల్లేదు. "అక్కా, లెక్క కరెక్టుంది" అన్నాడు నాతో. సిస్టర్ వినలేదు. మింగినట్టు చూపించి బయట ఉమ్మేవాళ్లను తను చాలామందిని చూసిందట.

డాక్టరమ్మ ఎవరినీ తిట్టలేదు. గడ్డ ఉన్న మనిషిని ఈ అంకెతో ఇంటికి పంపలేనని వార్డులో చేర్చుకుంది. గడ్డ పెరగకుండా పొట్టలో ఇంజెక్షన్లు ఇప్పించింది. మాత్ర మాత్రం పెంచలేదు. అదే మాత్రను రోజూ సిస్టర్ కళ్లెదుట మింగించమంది. వారంలో అంకె 2.4కు ఎక్కింది.

"చూసిన్రా మేడం?" అంది సిస్టర్. "నా ముందర మింగితే ఎక్కింది. ఇంట్ల మింగుతలేదు. ఇంకేం కావాలె రుజువు?"

నాకూ అది రుజువులాగే కనిపించింది. ఆమెను ఇంటికి పంపారు. పై మంగళవారం 1.5. డాక్టరమ్మ మళ్లీ ఇంజెక్షన్లు మొదలుపెట్టి, వాటిని రోజూ వాళ్ల ఊళ్లోనే నర్సమ్మ వేసేలా ఏర్పాటు చేసి, ఈసారి మాత్ర అర పెంచింది. హైదరాబాదుకు ఫోన్ చేస్తే, అంకె నిలబడని మనిషికి తేదీ ఇవ్వలేమన్నారు. ఫోన్ పెట్టేశాక డాక్టరమ్మ నా స్టూలు మీద కూర్చుని, రిజిస్టరులో అంకెలన్నీ మొదటి నుంచి మళ్లీ చదివింది.

తేలిన రోజు ఆ తరవాతి శుక్రవారం. మధ్యలో ఒక పరీక్ష చేద్దామని రమ్మన్నారు. వానలు వెనకబట్టాయి, ఎండ కాస్తోంది. నెత్తురు తీశాక అత్త ల్యాబ్ వరండాలో చాప పరిచి సద్ది గిన్నె మూత విప్పింది. హెడ్ సిస్టర్ అటుగా వచ్చి మళ్లీ అందుకుంది.

"ఏమమ్మా పెద్దమ్మా, కోడలు మందు మింగుతుంటే నువ్వేం చేస్తున్నవు? చూస్తలేవా?"

అత్త గిన్నె కింద పెట్టింది. ఇన్నాళ్లు పట్టుకున్న కోపం అంతా ఒక్కసారి వచ్చింది.

"ఏందమ్మా నీ లొల్లి? వచ్చినప్పుడల్ల దొంగ అన్నట్టు అడుగుతవ్! ముద్ద పెట్టి, మాత్ర పెట్టి, నోరు తెరువుమని చూసి పండుకుంటున్న నేను. నా కొడుక్కన్న గంత చెయ్యలే. కొత్తలయినకాడికెల్లి అడ్డెడు కూర పెడుతున్న, సత్తువ వస్తదని. ఇంకేం చెయ్యమంటవ్?"

డాక్టరమ్మ అప్పుడే నా గదిలోంచి బయటికి వస్తోంది. "ఏం కూర పెద్దమ్మా?" అంది మామూలుగా.

అత్త గిన్నె ఆమె వైపు తిప్పింది. ముదురాకుపచ్చగా ఉంది కూర. మునగాకు, గుమ్మడాకు, తోటకూర, చిక్కుడు లేతాకు, అన్నీ కలిపి ఉడకబెట్టింది. అన్నం తక్కువ, కూర ఎక్కువ.

"రోజూ ఇదేనా?"

"ఈ కాలంల ఇంకేముంటది మాకు? చేను నిండ ఇదే. మరి కొత్తలయినయ్ గద."

"కొత్తలంటే?"

అత్త ఆమెను జాలిగా చూసింది. తరవాత చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. చేల మీద కొత్తగా వచ్చిన ఆకు గానీ కాయ గానీ ముందు ఊరు కాచే తల్లికి పెట్టాలి. ఊరి పెద్దలు రోజు చెబుతారు, ఊరంతా కలిసి పండుగ చేసుకుంటారు. ఆ పండుగ అయ్యేదాకా ఎదురుగా కాసి ఉన్నా ఎవరూ నోట పెట్టరు, పిల్లలు కూడా పెట్టరు. పండుగ అయ్యాక ఊరంతా అదే తింటుంది.

"మీకు ఎప్పుడయింది?" అడిగింది డాక్టరమ్మ.

అత్త వేళ్లు మడిచి చెప్పింది. సరిగ్గా 2.5కూ 1.3కూ మధ్య వారం.

డాక్టరమ్మ కోడలి వైపు తిరిగింది. "ఆకుకూర తినొద్దని నీకు చెప్పలేదా?"

"అడిగిన్రు," అంది ఆమె నెమ్మదిగా. "తింటున్నవా అని అడిగిన్రు. అప్పుడు తింటలేను. మాకు కొత్తలు కాలేదని చెప్పిన. తినొద్దని ఎవరూ చెప్పలే. మళ్ల ఎవరూ అడగలే."

వార్డులో పెట్టేది పప్పుచారు, గుడ్డు. అక్కడ అంకె ఎక్కింది. ఇంటికి పోగానే పండుగ తరవాతి పళ్లెం, అంకె దిగింది. సిస్టర్ చూపించిన రుజువు రుజువే, కానీ మాత్రకు కాదు, కూరకు. డాక్టరమ్మ నుదురు కొట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. హెడ్ సిస్టర్ నవ్వలేదు. వెళ్లి అత్త పక్కన చాప మీద కూర్చుని, "తప్పయింది పెద్దమ్మా" అంది. ఇన్నేళ్లలో సిస్టర్ నోట ఆ మాట నేను మొదటిసారి విన్నాను. అత్త ఆమెకు ఒక ముద్ద కూర కలిపి పెట్టింది. "నువ్వు తిను. నీకేం మాత్రల్లేవు గద" అంది.

కథ ఇక్కడ సుఖంగా అయిపోయిందని మేమంతా అనుకున్నాం. అత్తకు సంగతి అర్థమైంది, కావలసిన దానికంటే ఎక్కువ అర్థమైంది. ఆ శుక్రవారం అంకె ఇంకా రెండుకు కొంచెం కిందే ఉంది, అందుకని డాక్టరమ్మ పెంచిన మాత్రను అలాగే ఉంచి, "కూర కొంచెం తగ్గించు" అని చెప్పి పంపింది. అత్త ఇంటికి పోయి ఆకు అన్నదే కోడలి దగ్గరికి రానివ్వలేదు. పక్కింటివాళ్లు గిన్నెలో కూర తెస్తే గుమ్మం దగ్గరే తిప్పి పంపిందట. చేను వైపు కూడా పోనివ్వలేదట. మాత్రేమో అప్పటికే అర పెరిగి ఉంది. ఆకు పూర్తిగా ఆగిపోయాక దాన్ని అడ్డుకునేది ఏమీ లేకుండా పోయింది.

మంగళవారం వస్తూనే కోడలు కొంగుతో నోరు ఒత్తుకుంటోంది. పళ్లు తోముకుంటే చిగుళ్ల నెత్తురు ఆగలేదు. నేను సూది గుచ్చిన చోట దూది ఎంతసేపు అదిమినా ఎర్రగా తడుస్తూనే ఉంది. అంకె 4.7.

మొన్నటిదాకా గడ్డకు భయపడ్డాం. ఇప్పుడు లోపల ఎక్కడైనా నెత్తురు కారితే ఏమిటన్న భయం పట్టుకుంది. డాక్టరమ్మ ఆమెను వార్డులో పడుకోబెట్టి, మాత్ర ఆపి, రోజూ అంకె చూస్తూ కాచుకుంది. అత్త మంచం కింద కూర్చుని, "తింటె గట్లాయె, తినకపోతె గిట్లాయె, నన్నేం చెయ్యమంటరు?" అని తనలో తనే అంటోంది. ఆ గొంతు మొదటిసారి చిన్నగా వినిపించింది.

డాక్టరమ్మ అత్త ఎదురుగా నేల మీదే కూర్చుంది.

"పెద్దమ్మా, తప్పు ఆకుది కాదు. ఒకరోజు అడ్డెడు, ఒకరోజు ఏం లేదు, దానితోని మాత్రకు నేను లెక్క కట్టలేను. నువ్వు కూర పెట్టు. కానీ రోజూ ఒక్కతీరుగ పెట్టు. ఇయ్యాల ఎంతనో రేపు అంతే. దానికి తగ్గట్టు మాత్ర నేను రాస్త."

అత్త తల ఎత్తింది. "రోజూ ఒక్క గరిటె పెడితే?"

"ఒక్క గరిటె అంటే ఒక్క గరిటె. ఇంట్ల ఏ గరిటెతోని పెడతవో అదే గరిటె."

"పండుగొచ్చినా?"

"పండుగొచ్చినా. చుట్టాలొచ్చినా."

నేను మధ్యలో కలగజేసుకుని, గరిటె నిండుగానా, అంచుకు సమంగా తలకొట్టి పెట్టాలా అని అడిగాను. డాక్టరమ్మ నన్ను చూసి నవ్వింది గానీ, ప్రశ్న సరైనదే. తలకొట్టిన గరిటె అని తేల్చాం. అత్తకు ఇలాంటి పని అప్పజెప్పడం ఎంత మంచిదో మాకు వారంలో తెలిసింది. కోడలు ఇంకొంచెం అడిగినా పెట్టేది కాదు, వద్దన్నా మానేది కాదు. మొగుడు గని నుంచి వచ్చి "ఒక్కనాటికి ఏమయితదే అమ్మా" అంటే, "నువ్వు పోయి బొగ్గు ఎత్తుకో, కూర సంగతి నాకు తెలుసు" అందట. కోడలి పుట్టింటి ఊళ్లో కొత్తల పండుగ ఇంకా కాలేదు, అక్కడ రోజు వేరు. అక్కడికి పంపితే ఆకు దొరకదని అత్త ఆ ప్రయాణం కూడా ఆపేసింది. ఆ ముక్క విన్నప్పుడు భాయ్ నాతో అన్నాడు: "అక్కా, నీకు చెల్లె దొరికింది."

నాలుగు వారాల లెక్క మళ్లీ మొదలైంది. మొదటి మంగళవారం 2.2. రెండోది 2.4. మూడో మంగళవారం నేను గొట్టం మెషీన్‌లో పెట్టి అటు తిరిగి నిలబడ్డాను. భాయ్ చదివి చెప్పాడు, 2.6. నాలుగో మంగళవారానికి నా కిటికీ ముందు ఓపీ కంటే పెద్ద గుంపు చేరింది. హెడ్ సిస్టర్ డ్యూటీ మార్చుకుని వచ్చింది. టోకెన్ల అబ్బాయి కూడా వచ్చాడు. డాక్టరమ్మ ఇద్దరు పేషెంట్లను బెంచీ మీద కూర్చోబెట్టి మరీ వచ్చింది. పరీక్షకు కొన్ని సెకన్లే పడతాయి, కానీ ముందు గొట్టాన్ని మరలో గిర్రున తిప్పి నెత్తుటి పైతేట వేరు చెయ్యాలి. ఆ తిరిగేంతసేపూ అత్త కిటికీ ఊచలు పట్టుకుని మెషీన్‌ను తిడుతూనే ఉంది.

2.5.

నేను అంకె కాగితం మీద రాసి, కింద గీత గీసి, డాక్టరమ్మ చేతికిచ్చాను. పాత మిఠాయి ఎప్పుడో పాడైపోయింది. సిస్టర్ కొత్తది తెప్పించింది. కోడలు గోడకు ఆనుకుని ఏడ్చింది. అత్త ఆమె వీపు మీద చరిచి, "ఏడుస్తె ఆయాసమొస్తది, ఊకో" అంది. అంటూ తనే ఏడ్చింది.

హైదరాబాదులో గొంతులోంచి గొట్టం వేసి తీసిన స్కానులో తడిక వెనక గడ్డ లేదు. ఎంత వెతికినా లేదు. ఆపరేషన్ సర్కారు కార్డు మీదే అయింది. తడిక కోసి తీసేశారు. కొన్ని రోజులకు గుండె కూడా తన వరసలోకి వచ్చింది. అక్కడి సర్జను వార్డులోకి వచ్చినప్పుడు అత్త ఆయన్ని ఆపి, "సారూ, ఆ తీసిన తడిక ఏది? మాకియ్యి, కోళ్ల గూటికి కట్టుకుంట" అందట. చుట్టూ ఉన్న ఆయన బిడ్డల వయసు డాక్టర్లు పదిమంది నవ్వారట. ఈ మాట మా దవాఖానాకు వాళ్ల కంటే ముందే ఫోన్‌లో వచ్చింది.

మా దగ్గర రెండు మార్పులు వచ్చాయి. ఆకుకూర ప్రశ్న మాత్ర మొదలుపెట్టిన రోజు ఒక్కసారి అడిగి వదిలెయ్యడం మానేశాం, వచ్చిన ప్రతిసారీ అడిగేవాళ్లం. అడవి ఊళ్ల నుంచి ఈ మాత్ర వాడేవాళ్లు వస్తే, "మీ ఊళ్లె కొత్తలు ఎప్పుడు?" అని హెడ్ సిస్టరే ముందుగా అడిగేది. ప్రతి ఊరికీ రోజు వేరు కావడం నాలాంటి మనిషికి నచ్చే పద్ధతి కాదు. కానీ ఆ రోజు దాటిన వారం వాళ్లను తప్పకుండా పిలిపించేవాళ్లం. నేను రిటైరయ్యేదాకా ఆ ఊళ్లలో ఎవరి అంకె పడిపోయినా ఎందుకో మాకు ముందే తెలిసేది. మీలో ఎవరైనా ఆ వైపు పోస్టింగుకు వెళితే మీరూ అడగండి. అడిగాక, జవాబు చివరిదాకా వినండి.

ఆపరేషన్ తరవాత కొన్ని నెలలు మాత్ర సాగింది. గుండె వరస తప్పకపోవడంతో డాక్టర్లు దాన్ని ఆపేశారు. పై ఏడు కొత్తల పండుగకు అత్త మనిషిని పంపి పిలిపించింది. అప్పటికి నేను రిటైరై నెల కూడా కాలేదు. డాక్టరమ్మ డ్యూటీ ఉండి రాలేకపోయింది. రోడ్డు దగ్గర ఆటో దిగితే కోడలే ఎదురొచ్చింది. నా సంచి లాక్కుంది. తన నెత్తి మీద అప్పటికే పండుగకు కొన్న సామాను గంప ఉంది.

ఊరు గట్టు అవతల. కిందటి ఏడాది ఆమె తునికాకు కట్టతో కూర్చుండిపోయిన గట్టు అదేనని నడుస్తూ చెప్పింది. చెబుతూ చెబుతూ ఎక్కిపోతోంది. ఊరిలో సంగతులు, అత్త తిట్లు, మొగుడి గని ముచ్చట్లు, అన్నీ ఎక్కడా ఆగకుండా. నేను సగంలో ఒక రాయి చూసుకుని ఆగాను. మాట వినిపించక ఆమె వెనక్కి తిరిగింది. గంప నెత్తి మీద ఉండగానే, నడుము మీద చెయ్యి పెట్టుకుని నన్ను పై నుంచి కింది దాకా చూసింది.

"ఏందమ్మా, ఆయాసమొస్తుందా? నీకు గూడ తడికేమన్న ఉన్నదా ఏంది? జర కూసో. జల్దీ ఏం లేదు, నేను ఆగుత."

నేను ఆ రాయి మీద కూర్చున్నాను. ఆమె నా పక్కన నిలబడి, గంప దించకుండానే, నాకు ఊపిరి అందేదాకా ఆగింది.